మండపం మీద నా పెత్తనం

బాపట్లలో మా వీధి చివర పాత గుడి మండపం ఒకటి ఉండేది. దాని రాతి అరుగు మధ్యాహ్నానికి పెనంలా కాలేది. దానిమీదే నేను బియ్యప్పిండి వడియాలు పెట్టి, రైల్లో తెనాలి తీసుకెళ్ళి ఒక హోటలుకు వేసేదాన్ని. మా ఆయన పోయాక ఇల్లు గడిచింది ఆ వడియాల మీదే.

పంతొమ్మిది వందల అరవైల చివర్లో పురావస్తు శాఖవాళ్ళు మండపం పక్కన నీలం బోర్డు పాతారు. అప్పటికి నాకు అక్షరమ్ముక్క రాదు. బోర్డు గట్టిగా కనిపించింది, తడిగుడ్డ ఆరేశాను. కొన్నాళ్ళకు ఆఫీసరు దిగాడు, మీసం సరిగ్గా రాని కుర్రాడు.

"ఏంటండీ ఇది? బోర్డు కనపడలేదా?"

"కనపడబట్టేగా బాబూ ఆరేసింది."

"ఇది రక్షిత కట్టడమండి. మేం కాపాడాలి."

"ఎవరి నుంచంట?"

"మీ నుంచేనండి."

నాకు ఒళ్ళు మండింది. "మా అత్తగారి కాలం నుంచీ ఇక్కడే పెడుతున్నాం. వడియానికి రాయి అరిగిపోద్దా?" అన్నాను. అతను వంగి, అరుగు అంచున చెక్కిన హంసను వేలితో తాకాడు. తోక పొడిగా రాలింది. "పిండిలో ఉప్పండి. రాయిలోకి దిగి గుల్ల చేస్తోంది."

గబగబా ఆ పొడిని కొంగుతో తుడిచేశాను. అదే అదనుగా అతను, "చేబ్రోలు నుంచి ఇక్కడిదాకా నాకున్నది ఒక్క కాపలావాడు. వీధిలో మీ మాటకు ఎదురు లేదంట పిన్నిగారూ, మీరే కాస్త చూసుకోండి" అన్నాడు.

జీతం లేదు, కాగితం లేదు. అయినా పూరీలా పొంగిపోయాను. మర్నాటినుంచి బోర్డు మీద వేలు జరుపుతూ, చదువుతున్నట్టే వీధికి నిబంధనలు వినిపించాను. గేదెను కట్టకూడదు, పేకాడకూడదు, మిరపకాయలు ఆరబోయకూడదు, నన్ను చూసి నవ్వకూడదు. నలభై దాటాక రాత్రిబడిలో అక్షరాలు నేర్చుకుని వెళ్ళి చూస్తే, వాటిలో ఒక్కటీ బోర్డు మీద లేదు.

ఆ వారమంతా ఈ హోదాలో పడి నా వడియాల సంగతే మరిచాను. పెళ్ళిళ్ళ రోజులని హోటలాయన రెట్టింపు అడిగాడు. పిండి ఉడికించి గుండిగ దించాక తట్టింది, పెట్టేదెక్కడ? వీధిలో ఎవరూ లేరనుకుని మండపానికే బయల్దేరాను. ఎదురింటావిడ గుమ్మంలోనే ఉంది. మొన్ననే ఆవిడ మిరపకాయల చాప లాగి పారేశాను.

"ఏం వదినా, చట్టం మాకేనా?"

వెనక్కి తిరిగాను. మాది పెంకుటిల్లు. నిచ్చెనేసుకుని కప్పు మీద పెట్టబోతే వడియాలు జారి కోళ్ళ ముందు పడ్డాయి. గుండిగలో పిండి బిగుసుకుంటోంది. ఈ బేరం పోతే పిల్లలకు తిండి లేదు. మా వీధి మొత్తంలో డాబా ఉన్నది ఎదురింటావిడకే. వెళ్ళి ఆవిడ గుమ్మం ముందు నిలబడ్డాను.

ఆవిడ తీరిగ్గా చూసింది. "ఎక్కు. చెప్పులు కిందే విడువు. నా ఊరగాయ జాడీల జోలికెళ్ళకు. పైనుంచి వీధిలోవాళ్ళ మీద అరవకు."

"ఇంకేమైనా ఉన్నాయా వదినా?"

"గుర్తొచ్చినప్పుడు చెప్తాలే."

గుండిగ నెత్తిన పెట్టుకుని మెట్లెక్కాను. ఏళ్ళ తరబడి ఆవిడకు గుర్తొస్తూనే ఉన్నాయి.