వీధి కిటికీకి ఆనించిన ఫ్రీజరు

మా అల్లుడు ప్రొద్దుటూరులో ఒక హోటలులో వంట చేసేవాడు. ఆ హోటలు మూతపడినప్పుడు అందులోని నిలువు ఫ్రీజరు మాకు పనికొస్తుందని అతనూ మా కూతురూ అనుకుని, ట్రాలీ ఆటోలో జమ్మలమడుగుకు పంపించారు. తెల్లది, బీరువా అంత ఎత్తు. దాన్ని చూసి నాకంటే మా ఆయన ఎక్కువ సంతోషించాడు.

నేనప్పుడు చేపలు అమ్మేదాన్ని. మైలవరం డ్యాము నుంచి శనివారం తెచ్చిన చేప ఆదివారం గుడిలో ప్రార్థన అయ్యేదాకా నిలవాలి. చర్చిని మేము గుడి అనే అంటాం. ప్రార్థన నుంచి వచ్చినవాళ్ళు నేరుగా మా ఇంటికే వస్తారు. ఐసుగడ్డ ప్రొద్దుటూరు నుంచి బస్సులో రావాలి. ఏ పార్టీవాళ్ళయినా బందు పెట్టారంటే బస్సు రాదు, ఐసు రాదు. చేపలన్నీ వాడకట్టుకు పంచేసి, చేతులు కడుక్కుని కూర్చోవడమే. ఫ్రీజరు ఉంటే ఆ బాధ తప్పుతుందని నా ఆశ.

మా ఆయన సంతోషానికి కారణం వేరు.

ఆయన ముందు పులివెందుల దారిలో ఉన్న మా పాత ఊళ్ళో ఒక పెద్దమనిషి దగ్గర ట్రాక్టరు నడిపేవాడు. మేము ఏ పార్టీ కాదు. కానీ ట్రాక్టరు ఎవరిదైతే మనిషి వాళ్ళవాడని లెక్క. ఒక ఎన్నికలప్పుడు వీధి కిటికీలోంచి మా ఇంట్లోకి బాంబు వేశారు. నేను పిల్లను తీసుకుని పెరట్లో ఉన్నాను. ఆయన వీపంతా కాలింది. ఎడమ భుజం మళ్ళీ పైకి లేవలేదు. కొన్నేళ్ళకు ఆ పెద్దమనిషి అవతలి పార్టీలో చేరి, బాంబు వేయించినవాళ్ళ పక్కనే కూర్చుని జీపులో ఊరేగాడు. అప్పటికే మేము జమ్మలమడుగు వచ్చేశాం.

ఆ ఊళ్ళలో వీధి కిటికీకి బస్తాలు అడ్డం పెట్టుకోవడం అలవాటు. నేను కాపురానికి వెళ్ళినప్పుడు మా అత్త పొయ్యి కంటే ముందు ఏ కిటికీ తెరవకూడదో చూపించింది. జమ్మలమడుగులో మేము అద్దెకు దిగిన ప్రతి ఇంట్లోనూ మా ఆయన మొదట చేసిన పని వీధి కిటికీని మూయడమే. ఒక ఇంట్లో శనక్కాయల బస్తాలు, ఒక ఇంట్లో మంచాన్ని నిలబెట్టి. ఇప్పుడు ఈ ఇనుప బీరువా దొరికింది.

"మే, ఇది గోడ కంటే గట్టిగా ఉండాది," అని దాని మీద తట్టి చూశాడు.

ఆటోలో పడుకోబెట్టి తెచ్చారు కాబట్టి ఒక పూటంతా ఊరికే నిలబెట్టాలని, ఆ తర్వాతే కరెంటు ఇవ్వాలని అల్లుడు చెప్పి పంపాడు. అలాగే చేశాం. ఇంట్లో పరిచినవి నాపరాళ్ళు, ఎత్తుపల్లాలు. తలుపు దానంతట అదే తెరుచుకుంటుంటే, ముందు కాళ్ళ కింద రాతిపెచ్చులు పెట్టి రవ్వంత వెనక్కి వాల్చాం. వీపు కిటికీకి ఆనేలా ఆయనే జరిపించాడు. రెండు పక్కలా మిగిలిన సందుల్లో గోనెపట్టాలు మడిచి కూరాడు.

రెండు రోజులైనా లోపల గిన్నెలో పెట్టిన నీళ్ళు గడ్డకట్టలేదు. మోటారు మాత్రం ఆగకుండా మోగుతూనే ఉంది. దాంతోపాటు ఇచ్చిన పుస్తకం చూద్దామంటే అందులో తెలుగు లేదు. గుడిలో ఆడవాళ్ళకు పెట్టిన బడిలో ఆ ఏడాదే నేను అక్షరాలు నేర్చుకున్నాను, కనిపించిన ప్రతి బోర్డూ చదువుకుంటూ నడిచే రోజులవి. ఫ్రీజరు మీద మాత్రం నాకు తెలిసినవి తిప్పే బిళ్ళ చుట్టూ ఉన్న అంకెలే. ఆయన దాన్ని చివరి అంకెకు తిప్పాడు. పక్కరేకు చెయ్యి పెట్టలేనంత కాలింది. మూడో రోజు అందులో పెట్టిన చేపలు మెత్తబడి వాసన వచ్చాయి.

ప్రొద్దుటూరు నుంచి మెకానిక్కు వచ్చాడు. నవ్వుమొహం మనిషి. కరెంటు చూశాడు, తక్కువగా ఉందని తన దగ్గరున్న స్టెబిలైజరు తగిలించాడు. తలుపు సందులో కాగితం పెట్టి లాగాడు. కాగితం బిగుసుకుంది, రబ్బరు బాగానే ఉందన్నాడు. తర్వాత పక్కకు వంగి చూసి, గోనెపట్టా ఒకటి బయటికి లాగాడు.

"ఇదేంది మామా, దీనికి చలికాలం అనుకున్న్యారా? దుప్పట్లు కప్పినారే."

"సందు ఉండాది కదప్పా, మూసినా," అన్నాడు మా ఆయన.

"సందు ఉండాల మామా. లోపలి వేడి వెనక నుంచే బయటికి పోవాల. గాలి ఆడకపోతే మోటారు కాలిపోతాది. జానెడు ముందుకు జరపండి. ఇంకా మేలు, ఈ కిటికీకాడ వద్దు, మధ్యాన్నం ఎండంతా దీని వీపుకే కొడతాంది. ఆ లోపలి గోడకు పెట్టండి."

"ఈన్నే ఉండాల."

"ఎందుకు మామా?"

"గాలి ఆడే సందులో గాలి ఒకటే రాదప్పా."

మెకానిక్కుకు అర్థం కాలేదు. నావైపు చూసి నవ్వాడు. "ఏంది అత్తా, మామ ఎవురికి భయపడతాండాడు? ఇప్పుడు ఎవురొస్తారు?"

"ఆ మాట అడగొద్దు నాయనా," అన్నాను. "నువ్వు టీ తాగు."

అతను టీ తాగాడు. గ్లాసు పెట్టేసి వెళ్ళేటప్పుడు మా ఆయన భుజం మీద చెయ్యి వేయబోయి, ఏమనుకున్నాడో, చేతిని పట్టుకుని ఒకసారి ఊపి వదిలాడు.

మా ఆయన ఫ్రీజరు కరెంటు తీసేశాడు. "చేపలు లేకపోతే కూలికి పోతాం. అది ఈడే నిలబడనీ," అన్నాడు. ఆయన వీపుకు ఆకుపసరు రాసిన చెయ్యి నాది. ఎవరూ రారని నేనెలా చెప్పగలను? అప్పుడూ ఎవరూ రారనే అనుకున్నాం.

అయినా చేపల పని వదులుకోవడానికి నాకు మనసు రాలేదు. ఆయన చేపలు తేవడానికి డ్యాముకు వెళ్ళిన పూట పక్కింటివాళ్ళను పిలిచి, ఫ్రీజరును వంటింటి గోడ దగ్గరికి జరిపించాను, వెనక జానెడు వదిలి. కరెంటు ఇచ్చి, కిటికీ రెక్కలు తెరిచాను. దాని ముందే కత్తిపీట వేసుకుని, ఐసులో మిగిలిన నాలుగు చేపలు దగ్గర పెట్టుకుని, వీధికి వీపు పెట్టి కూర్చున్నాను.

ఆయన వచ్చి గుమ్మంలోనే ఆగిపోయాడు.

"ఆడ కూసోవద్దు మే."

"వెల్తురు బాగుండాది. పొలుసు కనపడతాంది."

"లెయ్ అంటాండా."

"ఈ నాలుగు చేపలు కోసినాక లేస్తా. నువ్వు కాళ్ళు కడుక్కో పోయ్యా."

ఆయన కాళ్ళు కడుక్కోలేదు. కుర్చీ తెచ్చి నాకూ కిటికీకీ మధ్య వేసి, వీధికేసి చూస్తూ కూర్చున్నాడు. నాకు వెల్తురు పోయింది. పొలుసును వేళ్ళతో తడుముకుంటూ కోశాను.

రోజూ అదే అయింది. చీకటి పడేముందు రెక్కలు మూసి గడియ పెట్టేవాడు, పగలు మాత్రం తెరవనిచ్చేవాడు. ఫ్రీజరు చల్లబడి, మోటారు మధ్యమధ్యలో తనంతట తానే ఆగేది. ఆయన మొదట్లో వీధిలో పోయేవాళ్ళందరినీ కన్నార్పకుండా చూసేవాడు. తర్వాత ఒకరిద్దరిని పలకరించాడు. "బొచ్చెలు ఉండాయి, జెల్లలు రేపొస్తాయి" అని నేను చెప్పకుండానే కేక వేశాడొకనాడు. అలాగని భయం పోయిందనుకోలేను. సైకిలు టైరు పగిలినా ఆయన చెయ్యి నా తల మీదికి వచ్చేది, అడ్డంగా.

ఒక ఆదివారం మధ్యాహ్నం, ఎండ బాగా కాస్తోంది. చేపలు కోస్తూ వెనక్కి తిరిగి చూస్తే ఆయన కుర్చీలోనే నిద్రపోతున్నాడు. తల కిటికీ కమ్మీలకు ఆని ఉంది. ఇన్నేళ్ళలో పగటిపూట ఆయన కన్ను మూయడం నేను చూడలేదు. నోరు కొంచెం తెరుచుకుని ఉంది, పసిపిల్లాడిలా.

గుడి నుంచి వస్తున్న ఒకామె వీధిలో ఆగి, "అక్కా, ఉండాయా చేపలు?" అంది.

నేను పెదవుల మీద వేలు పెట్టి, పెరటి దారి వైపు చెయ్యి చూపించాను. ఆమె లోపలికి తొంగిచూసింది. చెప్పులు చేతిలోకి తీసుకుని ఇంటి చుట్టూ తిరిగి పెరట్లోకి వచ్చింది.