చంకలో నిమ్మకాయ

ఒక డాక్టరమ్మకు నాడి చూడటం నేర్పింది నేనేనని వీధంతా చెప్పుకున్నాను. కొంచెం సాగదీశాను లెండి.

తెనాలిలో నేనూ మా ఆవిడా రేపల్లె రైలెక్కాం. ఎదురుగా ఒక మెడికల్ విద్యార్థిని.

“మా కాలేజీ ఆస్పత్రికి రోగులే రారండి. అంతా బొమ్మల మీదే నేర్పారు. తాతగారూ, ఒక్కసారి మీ నాడి చూడనిస్తారా?” అంది.

చెయ్యి చాపాను. “దొరికిందండి!” అని మురిసిపోయింది. అప్పుడు సంచిలోని నిమ్మకాయ గుట్టుగా తీసి, ఆ చేతి చంకలోనే పెట్టి గట్టిగా నొక్కాను. రక్తం ఆగి నాడి అందలేదు. ఆ పిల్ల కంగారుగా నా మణికట్టంతా వెతికింది. నిమ్మకాయ చూపించగానే పెట్టెంతా నవ్వింది. ఆ పిల్లా నవ్విందనే అందరికీ చెబుతాను. కంగారు సంగతి చెప్పను.

నిన్న మళ్లీ చెబుతుంటే మా ఆవిడ అడ్డుపడింది: “ఏం నవ్విందండీ? పక్కనున్న ముసలమ్మ ‘నాదీ చూడమ్మా’ అని చెయ్యి చాపితే, ‘నాకు రాదండి’ అని చేతులు ఒళ్లో దాచుకుంది.”