నడిమి రాయి మీది ఎండ

మా పెద్దనాన్నకు మొక్కలంటే ప్రాణం. పెద్దమ్మకు మట్టంటే ఒళ్ళుమంట. ఇద్దరికీ కలిపి ఒకటే పెరడు ఉండటంతో ఆ ఇంట్లో మాటలకు ఎప్పుడూ కరువు రాలేదు.

పెద్దమ్మది రఫూ పని. కోటుకు నిప్పురవ్వ తగిలి చిల్లిపడినా, మేకు పట్టుకుని శాలువా చిరిగినా ఆవిడ దగ్గరికే తెస్తారు. ఆ బట్ట లోపలి మడతలోంచి పోగు లాగి, మడతలో దొరక్కపోతే తన దారాల డబ్బాలోంచి రంగు సరిచూసి తీసి, పోగు కింద పోగుగా అల్లి, చిరుగు ఎక్కడుండేదో తెచ్చినవాళ్ళే వెతుక్కునేలా చేస్తుంది. ఈ పనికి ట్యూబ్‌లైటు పనికిరాదు. దాని కింద నలుపూ ముదురు నీలమూ ఒకటే అయిపోతాయట. పగటి వెలుతురే కావాలి. పెళ్ళయిన కొత్తలో ఎవరిదో తెల్లకోటు గాలికెగిరి పెరటి బురదలో పడింది. ఆ నెలలోనే పెద్దమ్మ పెరడంతా నాపరాళ్ళు పరిపించేసింది. అయిదు వరసలు, వరసకు అయిదు. నట్టనడిమి రాయి మీద తన కుర్చీ వేసుకుంది.

పెద్దనాన్న బస్ డిపోలో టైమ్‌కీపరు. ఏ బస్సు ఎన్నింటికి వచ్చింది, ఎన్నింటికి పోయింది రాసుకోవడం ఆయన ఉద్యోగం. నిమిషం ఆలస్యమైతే డ్రైవర్లను నిలబెట్టి సంజాయిషీ అడిగే ఈ మనిషి, ఇంట్లో ఒక్క రాయి పెకలించడానికి మాత్రం ఏడేళ్ళు బతిమాలాడు. చివరికి ఒప్పందం కుదిరింది.

"ఏడాదికి ఒక్కటి. తొలకరి పడ్డ మర్నాడు తీసుకోండి. ఏ రాయో నేను చెప్తాను," అంది పెద్దమ్మ.

"అలాగే."

"హాల్లో మట్టి అడుగు ఒక్కటి కనబడిందా, రాయి మళ్ళీ ఎక్కడిదక్కడే."

"ఎగురుకుంటూ వస్తాలేవోయ్ లోపలికి."

మొదటి ఏడాది ఆవిడ బాత్రూము గొట్టం కింది రాయి చూపించింది. పెద్దనాన్న కిక్కురుమనకుండా అక్కడ అరటి పిలక నాటాడు. రెండో ఏడాది మెట్ల వెనక రాయి. అక్కడికి ఎండ ఎన్నడూ తొంగిచూడలేదు. నీడలో బతికే ఆకుమొక్కలు పెట్టాడు. అవి ఏనుగు చెవులంత ఆకులు వేసి మెట్ల మీదకి తలలు చాపాయి. మూడో ఏడాది తూర్పు గోడ మూల. ఇల్లు కట్టినప్పటి ఇటుకముక్కలన్నీ దాని కిందే పూడ్చారు. మూడు నెలల పాటు పెద్దనాన్న రోజూ డ్యూటీకి వెళుతూ ఒక సంచీడు ఇటుకముక్కలు సైకిలుకి తగిలించుకుని వెళ్ళాడు. ఆ ఏడాది డిపో ముందు గుంతలన్నీ పూడిపోయాయి. ఇంటి మూల జామ లేచింది.

చదువు కోసం నేను వాళ్ళ మేడమీది గదిలోకి వచ్చేనాటికి పదకొండు రాళ్ళు లేచిపోయాయి. పడమటి గోడకు జాజి పందిరి వెలిసింది. గేటు పక్కన గులాబీలు. అయినా ఏటా ఆయన అడిగేది ఒకటే.

"ఈసారి నడిమిది ఇవ్వరాదూ? నిమ్మ పెడతాను. రోజంతా ఎండ పడేది అక్కడొక్కచోటే."

"ఎండ మీ నిమ్మకేనా కావాల్సింది? నేనేం పుట్టగొడుగునా?"

అంతటితో ఆ ఏటి చర్చ ముగిసేది.

రెండేళ్ళుగా సూది పెద్దమ్మ మాట వినడం మానేసింది. దారం కొస నాలుగుసార్లు తడిపినా బెజ్జంలోకి దూరేది కాదు. కళ్ళజోడు కొత్తది చేయించుకుంది. ఆర్నెల్లకు ఇంకోటి. కళ్ళ డాక్టరు పరీక్ష చేసి, కళ్ళు బాగానే ఉన్నాయమ్మా అన్నాడు.

"నాకు కనబడ్డం లేదు మొర్రో అంటుంటే బాగానే ఉన్నాయంటాడేం? కళ్ళు నావా, ఆయనవా?" అని ఇంకో డాక్టరు దగ్గరికి వెళ్ళింది. ఆయనా అదే మాటన్నాడు. ఆ సాయంత్రం వైద్యశాస్త్రం మొత్తానికి అక్షింతలు పడ్డాయి.

ఆ రోజుల్లోనే ఆవిడ తోటను ఒకసారి మెచ్చుకుంది కూడా. పన్నెండేళ్ళలో అదే మొదటిసారి. "ఈమధ్య ఇక్కడ కూర్చుంటే చల్లగా ఉంటోంది. ఆ మాత్రానికైనా పనికొచ్చాయి మీ చెట్లు." పెద్దనాన్న ఆ మాటను డిపోకు మోసుకెళ్ళి డ్రైవర్లందరికీ పంచిపెట్టాడు. టైముకు రాని డ్రైవర్లను కూడా వదల్లేదు.

ఆ ఎండాకాలం చివర్లో ఒక వకీలు తన నల్లకోటు తిరిగి పట్టుకొచ్చాడు. గుమ్మంలో నిలబడి చాలాసేపు నసిగాడు.

"అమ్మా, మరోలా అనుకోకండి. భుజం మీద నీలం గీత కనబడుతోంది. నిన్న కోర్టులో ఎదుటిపక్షం వకీలు చూపించి మరీ నవ్వాడు."

పెద్దమ్మ కోటు పట్టుకుని గేటు దాకా వెళ్ళి చూసింది. నిజమే. నల్లబట్టలో ముదురు నీలం పోగులు. ముప్ఫయ్యేళ్ళలో ఆవిడ అల్లిక ఒకరికి కనబడటం అదే మొదలు. కోటు మడిచి బీరువాలో పెట్టేసింది. ఆ రాత్రి పెద్దనాన్న చెప్పులు గుమ్మం దాటి లోపలికొచ్చినా ఏమీ అనలేదు. ఆయన నిజంగా భయపడ్డాడు.

వారం తిరక్కుండా తొలకరి పడింది. మర్నాడు పొద్దున్నే పెద్దనాన్న గునపం పట్టుకుని మెట్ల మీద నిలబడ్డాడు.

"ఈసారి ఏది?"

"నడిమిది తీసుకోండి."

"ఏ నడిమిది?"

"కుర్చీ కిందిది. ఇన్నేళ్ళుగా దేన్ని అడుగుతున్నారు మరి?"

"నీ పనో?"

"చేసింది చాల్లెండి. కళ్ళు పోయాక సూదితో ఏం పని?" ఉప్పు అయిపోయిందని చెప్పినంత మామూలుగా అనేసి ఆవిడ లోపలికి వెళ్ళిపోయింది.

పెద్దనాన్న ఆ సాయంత్రమే నిమ్మ మొక్క తెచ్చాడు. మర్నాడు సెలవు పెట్టాడు. తొమ్మిదిన్నరకు నడిమి రాయి దగ్గరికి వెళ్ళాడు. కుర్చీ పక్కకు జరపడానికి ముందు అందులో ఒకసారి దర్జాగా కూర్చుని పేపరు విప్పాడు. సన్న అక్షరాలు అలుక్కుపోయాయి. కళ్ళజోడు తుడుచుకున్నాడు. అప్పుడూ అంతే. తన కళ్ళూ పోయాయేమోనని లేచి గేటు దాకా నడిచాడు. గేటు దగ్గర అక్షరాలు స్పష్టంగా ఉన్నాయి. కుర్చీలోకి వచ్చాడు, అలుక్కుపోయాయి. ఇలా నాలుగుసార్లు తిరిగాడు. మేడమీంచి చూస్తున్న నేను, కోరిక తీరిన సంతోషంలో కాలు నిలవడం లేదనుకున్నాను. అప్పుడాయన తల పైకెత్తాడు. పైన జామ.

ఏడాదికి జానెడు చొప్పున జరిగొచ్చిన నీడను ఎవరు కనిపెడతారు? చల్లగా ఉందని మెచ్చుకున్నారు కూడాను.

గునపం గోడకు ఆనింది. ఆ వారమంతా పెద్దనాన్న సెలవు పొడిగించి, పాత డిపో పుస్తకం ఒళ్ళో పెట్టుకుని మెట్ల మీద కూర్చున్నాడు.

"రాయి తియ్యమంటే దానికి కాపలా కాస్తారేం?" అంది పెద్దమ్మ.

"నిమ్మకు ఎండ లెక్క చూస్తున్నా."

శనివారం నిమ్మ మొక్క సైకిలెక్కి డిపోకు వెళ్ళి ఆయన గది కిటికీ పక్కన నాటుకుంది. ఆదివారం పొద్దున ఆయన పుస్తకం తెచ్చి పెద్దమ్మ చేతిలో పెట్టాడు. బస్సులు రాసే గళ్ళలో ఇలా ఉంది: జామ నీడ, రాక 8.50, పోక 1.20. జాజి పందిరి నీడ, రాక 2.05, పోక లేదు. వారమంతా అయిదు నిమిషాలు అటూ ఇటుగా అదే వరస. తొమ్మిది దాటాక నడిమి రాయికి మిగిలిన ఎండ నలభై అయిదు నిమిషాలు. అది పెద్దమ్మ భోంచేసి కునుకు తీసే వేళ.

ఆవిడ రెండుసార్లు చదివింది.

"అంటే నా కళ్ళు..."

"దివ్యంగా ఉన్నాయి."

"రెండు జోళ్ళు చేయించుకున్నాను!"

"చేయించుకున్నావు."

"ఆ డాక్టర్లిద్దర్నీ నోటికొచ్చినట్టు తిట్టాను!"

"అది మాత్రం నా తోట తప్పు కాదోయ్."

ఆవిడకు నవ్వొచ్చింది. వెంటనే కోపం కూడా వచ్చింది. ఏది ముందు బయటపెట్టాలో తేల్చుకునేలోపు పెద్దనాన్న లోపల్నుంచి రంపం, నిచ్చెన తెచ్చాడు.

"మొదలంటా కోసేస్తాను," అన్నాడు గోడవైపు చూస్తూ.

"మొదలంటా ఎవరు కొయ్యమన్నారు? అడ్డమొచ్చింది కొయ్యండి చాలు. పందిరి సంగతి రేపు చూద్దాం."

ఆవిడ బీరువాలోంచి నల్లకోటు తెచ్చుకుని కుర్చీలో కూర్చుంది. ఒక చేతిలో నల్ల దారం, ఒక చేతిలో ముదురు నీలం దారం పట్టుకుంది. పెద్దనాన్న నిచ్చెనెక్కాడు.

"అది కాదు, దాని పక్కది."

"ఇది లావుగా ఉందే!"

"దాని పక్కదానికి పిందెలున్నాయి. ఇక్కణ్ణుంచి కనబడుతున్నాయి నాకు."

"ఇప్పుడు కళ్ళు బాగా కనబడుతున్నాయే!"

కొమ్మ పడింది. పెద్దమ్మ దారాలు రెండూ చూసుకుని తల అడ్డంగా ఊపింది. రెండోది పడింది. "నీలం ఇంకా నల్లగానే ఉంది," అంది. మూడో కొమ్మ కోసేముందు పెద్దనాన్న దాన్ని చేత్తో నిమిరాడు. పెద్దమ్మ చూడనట్టు కోటు దులుపుకుంది. నాలుగోది పడ్డాక ఆవిడ ఒళ్ళో పళ్ళెమంత ఎండ వచ్చి వాలింది.

ఆవిడ వంగి నీలం పోగులు ఒక్కొక్కటే ఊడదీసింది. నల్లదారం కొస తడిపింది. మొదటిసారికే బెజ్జంలోంచి దూసుకుపోయింది. ఎవరైనా చూశారా అన్నట్టు ఒకసారి చుట్టూ చూసి, పని మొదలుపెట్టింది.

నిచ్చెన మీద పెద్దనాన్న జుట్టు నిండా రంపపుపొట్టు.

"ఇక దిగనా?"

"ఉండండి. మీరు కదిలితే కొమ్మ ఊగి వెలుతురు చెదురుతోంది. ఇంకో పది పోగులు."

పెద్దనాన్న జామచెట్టును రెండు చేతులా వాటేసుకుని కదలకుండా నిలబడ్డాడు.