ఇరవై ఆరో రోజు

ఆ చలికాలమంతా ఆల్బినా కోచెవర్ ఇంటి తలుపు తట్టినవాళ్లు ఇద్దరే ఇద్దరు. ఒకడు వెండి అమ్మినవాడు, రెండో మనిషి ఆ అమ్మకం మీద విచారణకు వచ్చిన ప్రభుత్వ లాయరు. మిన్నెసోటా ఉత్తరాన ఆ ఇనుపగనుల ఊళ్లోనే డెబ్బై తొమ్మిదేళ్లు బతికిన మనిషికి ఇద్దరు! ముప్ఫై ఏళ్లు స్కూలు బస్సు నడిపి ఊరి పిల్లలందర్నీ ఇళ్ల ముందు దించింది. ఆ పిల్లలంతా ఏమయ్యారని నన్నడక్కండి, నాకు ఒళ్లు మండుతుంది.

గనిలో పనిచేసిన భర్త రూడీ పోయి నాలుగేళ్లు. ఆ తర్వాత ఆ ఇంట్లో ఫోను మోగిందంటే అది క్లింటే. ఎక్కడో వెచ్చటి ఊళ్లో కూర్చుని, ఒక కంపెనీ తరఫున వెండి దిమ్మెలు అమ్మేవాడు. ప్రతి మంగళవారం పదింటికి ఠంచనుగా చేసేవాడు.

"ఆల్బినా గారూ, మోకాలు ఎలా ఉంది? ఆ మొండి పిల్లి తిరిగొచ్చిందా?"

పిల్లి సంగతి ఆవిడ సొంత చెల్లెలు కూడా అడగలేదు. అలా అడుగుతూ అడుగుతూనే ఆవిడకు బజారు ధరకు రెట్టింపు చెప్పి వెండి అంటగట్టాడు. కొంత రొక్కంగా కట్టించుకున్నాడు. మిగతాది కంపెనీ అప్పుగా రాసి, సరస్సు ఒడ్డున రూడీ తన చేతులతో కట్టిన చెక్క గుడిసెను తాకట్టు పెట్టించాడు.

"సరుకు మా ఖజానాలో భద్రంగా ఉంటుంది, మీకెందుకండీ శ్రమ?" అన్నాడు. కొన్నవాళ్లందరూ సరే అన్నారు. ఆల్బినా మాత్రం ససేమిరా అంది.

"మా ఆయన కట్టెల లోడు పెరట్లో పేర్పించాక గానీ డాలరు తీసేవాడు కాదు. తెచ్చి నా చేతికివ్వు. వేరే ఎవరూ కాదు, నువ్వే తేవాలి. లేదంటే బేరం లేదు."

తెచ్చాడు పాపం, పల్చటి బూట్లతో వణుక్కుంటూ. అది కొన్న ఇరవై ఆరో రోజు. ఆ ఊళ్లో కారు ఆపితే, ఇంజను చలికి బిగుసుకుపోకుండా, దాన్ని వెచ్చగా ఉంచే తీగను గోడలోని కరెంటు ప్లగ్గుకు తగిలించాలని పసిపిల్లలకు కూడా తెలుసు. క్లింట్‌కు తెలియదు. ఆల్బినా కావాలనే చెప్పలేదు. బండి కదలక మూడు గంటలు ఇరుక్కుపోయాడు. వాల్‌నట్ పెట్టి చుట్టిన పొటీసా రొట్టె నాలుగు ముక్కలు తిన్నాడు, రూడీ ఫొటోలన్నీ చూశాడు, పగలబడి నవ్వాడు. వెండి పెట్టెను ఆవిడ తెరిచి కూడా చూడలేదు.

ఆ తర్వాత మంగళవారాలు ఫోను మోగలేదు. ఆవిడ అప్పు వాయిదాలు కట్టలేకపోయేసరికి గుడిసె జప్తు చేస్తామని నోటీసు మాత్రం వచ్చింది.

ఫిబ్రవరిలో ఒక మధ్యాహ్నం నదీన్ పర్సెల్ అనే లాయరు షికాగో నుంచి వచ్చింది. ఇలాంటి అమ్మకాల మీద కేంద్ర ప్రభుత్వం పెట్టిన ఆఫీసులో ఆమెకు ఉద్యోగం.

"కంపెనీ మీద కేసు వేశామండీ. గెలిస్తే ఈ అప్పు పత్రాలు రద్దు చేయమని కోర్టును అడుగుతాం. మీ గుడిసె మీకే దక్కుతుంది."

"అయితే ఆలస్యమెందుకు తల్లీ, నా పేరు రాసుకో!"

"చిన్న మెలిక ఉంది. ప్రతి వెండి అమ్మకం మీదా మాకు అధికారం లేదు. ఇలా అప్పుపెట్టి మామూలు జనానికి అమ్మితేనే మా కిందికొస్తుంది. అందులోనూ ఇరవై ఎనిమిది రోజుల్లోపు సరుకు నిజంగా కొన్నవాళ్ల చేతికి చేరితే, మేం పట్టుకున్న నిబంధన వర్తించదు. కంపెనీవాళ్లేమో అందరికీ అప్పగించేశామని కాగితాలు చూపిస్తున్నారు. వట్టి బూటకం! దిమ్మెలు ఖజానాలోంచి అంగుళం కదల్లేదు. మీకూ అంతే కదా?"

ఆల్బినా కాఫీ కప్పు బల్ల మీద పెట్టింది. పెట్టె నేలమాళిగలో పాత బూట్ల వెనక ఉంది. దాన్ని చూసినవాళ్లు లేరు. క్లింట్ వచ్చినప్పుడు చూసిన ఇరుగుపొరుగూ లేరు. 'రాలేదు' అంటే చాలు, గుడిసె నిలుస్తుంది. కానీ అలా అంటే ఆ మూడు గంటలూ జరగనట్టే. రూడీ పోయాక ఆ బల్ల దగ్గర ఆవిడతో ఇంకో మనిషి కూర్చున్నది ఆ మూడు గంటలే. మోసగాడే, కాదనను. అయినా కూర్చున్నాడు.

"వచ్చింది. ఇరవై ఆరో రోజున. వాడే మోసుకొచ్చాడు."

నదీన్ కలం ఆగిపోయింది. "అయ్యో, ఆల్బినా గారూ! నిజంగా చేతికందింది మీ ఒక్కరికేనండీ. మీ పేరు ఈ కేసులో పెట్టలేను. రాష్ట్ర ఆఫీసు నంబరు ఇస్తాను, అక్కడ చెప్పుకోండి."

"అక్కడికీ ఫోను చేశాను. మిషను మాట్లాడింది."

"అంతమంది ఖజానాలో వదిలేస్తే మీరెందుకు తెప్పించుకున్నారు? వాళ్లను నమ్మలేదా?"

ఆల్బినా కట్టెల లోడు సంగతి ఎత్తబోయి మానేసింది.

"నమ్మక కాదమ్మా. నాకెందుకా వెండి? తెచ్చివ్వాలంటే ఎవరో ఒకరు ఇంటికి రావాలి కదా."

నదీన్ ఆవిడ చేతిని కాసేపు పట్టుకుని, కోటు తొడుక్కుని బయటికి నడిచింది. కారు తాళం తిప్పింది. ఇంజను మూలిగి ఆగింది. మళ్లీ తిప్పింది, మళ్లీ ఆగింది.

ఆల్బినా కిటికీలోంచి చూస్తూ కాఫీకి నీళ్లు పెట్టింది. కారును ప్లగ్గుకు తగిలించమని ఈసారి కూడా చెప్పలేదు.