రొట్టె తిన్నవాణ్ణి కాగితం అడగని మనిషి

పెద్దబాపు పోయాడన్న కబురు నాకు ఇంటి నుంచి రాలేదు. ఫోన్‌లో ఎవరో పంపిన ఫ్లెక్సీ ఫోటో చూసి తెలిసింది. అందులో మా నియోజకవర్గం నాయకుడు నిలువెత్తున చేతులు జోడించి ఉన్నాడు. కింద మూలన, తపాలా బిళ్ళంత, మా నాన్నకు అన్న అయిన మా పెద్దబాపు. పైన ‘కార్మిక నేతకు కన్నీటి వీడ్కోలు’ అని అక్షరాలు. నాకు ముందు ఏడుపు రాలేదు, ఒళ్ళు మండింది. దవాఖాన నుంచి శవం ఇంటికి చేరకముందే ఫ్లెక్సీ చౌరస్తా చేరింది. ఆయన బతికున్నన్నాళ్ళు ఫోన్ ఎత్తడానికి తీరిక లేని వాళ్ళకు, చావు దగ్గరికి మాత్రం ఇంత తొందర ఎందుకో!

ఆయన ఎవరో మీకు చెప్పాలి. ఆ ఫ్లెక్సీ చెప్పదు కనుక నేను చెప్పాలి.

మక్తల్ అవతల సెంటు భూమి లేని ఇంట్లో పుట్టాడు. చమురు ట్యాంకర్ మీద క్లీనర్‌గా ఎక్కి డ్రైవర్ అయ్యాడు. నడుము పట్టేశాక హైవే పక్కనున్న చమురు డిపోలో కాంట్రాక్టు కార్మికుడిగా లోడింగ్ పనికి చేరాడు. ఆయన చొక్కా ఎన్నిసార్లు ఉతికినా పెట్రోలు వాసన పోయేది కాదు. జన్మలో అగ్గిపుల్ల గీసి ఎరగడు. ఇంట్లో పొయ్యి వెలిగిస్తుంటే లేచి వాకిట్లోకి పోయేవాడు. డిపో గేటు దగ్గర ఫోన్ అప్పగించి లోపలికి పోవడం ఎంత అలవాటంటే, పెళ్ళికి పోయినా గుమ్మం దగ్గర నిలబడ్డ వాళ్ళ చేతిలో ఫోన్ పెట్టేసేవాడు. పెద్దమ్మ నవ్వలేక చచ్చేది.

డిపో ఎదుట చాయ్ హోటల్ బెంచీ మీదనే యూనియన్ పుట్టింది. నేను బడిపంతులుని, చేతిరాత బాగుంటుందని అర్జీలన్నీ నాతోనే రాయించేవాడు. రాసినాక చదివించుకొని, “డిప్పు పెట్టినవా?” అని అడిగేవాడు. ట్యాంకర్ బంకుకు వచ్చినప్పుడు పైమూత తీసి, గీతలున్న ఇత్తడి కడ్డీని లోపలికి దించుతారు. తడి ఎక్కడిదాకా అంటిందో చూసి, సరుకు సరిగ్గా ఉంటేనే బంకువాళ్ళు కాగితం మీద సంతకం పెడతారు. దాన్నే డిప్పు అంటారు. “కాయితం మీద ఏమన్న రాసుకోనీ, కడ్డీకి అంటిన తడే నిజం. జూడకుంట సంతకం పెడితివా, మునిగిపోతవు బిడ్డా” అనేవాడు. పాతబడిపోయిన ఒక కడ్డీ ఆయన ఇంటి తలుపు మూలన ఎప్పుడూ ఆనించి ఉండేది.

ఒకసారి కాంట్రాక్టరు బూట్లు వచ్చాయని ప్రకటిస్తే కార్మికులంతా చప్పట్లు కొట్టారు. పెద్దబాపు మాత్రం డబ్బాలు తెరిపించాడు. అన్నీ ఒకటే సైజు! సూపర్‌వైజర్‌ను పిలిచి, “జర నువ్వు ఏసుకొని నడువు సారూ, మేం జూస్తం” అన్నాడు. ఆ సారు నాలుగడుగులు కుంటేసరికి బెంచీ మీదున్న వాళ్ళంతా పడీపడీ నవ్వారు. వారంలో సరైన బూట్లు వచ్చాయి.

రాష్ట్రం వచ్చిన తర్వాత అదే నమ్మకంతో కార్మికులు ఆయన్ని కౌన్సిలర్‌గా నిలబెట్టి గెలిపించారు. గెలిచిన రోజు పిల్లలు టపాసులు తెస్తే, “దూరం పొండ్రి, ట్యాంకర్లున్నయి!” అని తరిమాడు. దగ్గరలో ఒక్క ట్యాంకర్ లేదు. కానీ మా కాలనీకి నల్లా నీళ్ళు వచ్చింది ఆయన హయాంలోనే. ఇక మిగిలింది ఒక్కటే కోరిక. ఏళ్ళ తరబడి కాంట్రాక్టు మీదనే ముసలివాళ్ళవుతున్న డిపో కార్మికులు పర్మనెంటు కావాలి. దానికోసమే అసెంబ్లీకి స్వతంత్రంగా నామినేషన్ వేశాడు.

ఉపసంహరణకు చివరి రోజు పొద్దున ఆ ఫ్లెక్సీలోని నాయకుడు మా ఇంటికి వచ్చాడు. మాది ఊరవతలి పేట. అంతకు ముందు అంత పెద్ద కులపాయన మా గడప దాటింది లేదు. వచ్చి ప్లాస్టిక్ కుర్చీలో కూర్చొని, పెద్దమ్మ చేసిన జొన్నరొట్టె అడిగి మరీ తిన్నాడు. “అన్నా, నువ్వు తప్పుకో. గెలిచిన నెలల నీ మనుషులందర్ని పర్మనెంటు చేపిస్త. నాది పూచీ” అన్నాడు.

నేను పెద్దబాపును పక్కకు పిలిచాను. “కాయితం మీద రాయించుకుందామా?” అన్నాను.

ఆయన కళ్ళు తడిగా ఉన్నాయి. “మనింట్ల రొట్టె తిన్నడురా. తిన్నోన్ని కాయితం అడుగుతమా?” అన్నాడు.

జీవితమంతా డిప్పు పెట్టి చూసిన మనిషి ఆ ఒక్కరోజు పెట్టలేదు. తరతరాలుగా మన చేతి నీళ్ళు ముట్టనివాళ్ళను చూసినవాళ్ళకే ఆ రొట్టె ముక్క విలువ తెలుస్తుంది. ఆ విలువ తెలిసే ఆ నాయకుడు రొట్టె అడిగి తిన్నాడు. అందుకే నాకు ఈ కోపం. నామినేషన్ వెనక్కి తీసుకునే కాగితం మీద పెద్దబాపు సంతకం పెట్టాడు. పెన్ను ఇచ్చింది నేనే.

నాయకుడు గెలిచాడు. నెల గడిచింది, ఏడాది గడిచింది. ఫోన్ చేస్తే మీటింగు, ఇంటికి పోతే పట్నం. తర్వాత ఆయన పార్టీ కూడా మార్చాడు, ఇచ్చిన మాట పాత పార్టీదని ఆయన పీఏ నవ్వుతూ చెప్పాడు. ఇటు డిపోలో ఒక మాట పుట్టింది: ‘అమ్ముడుపోయిండు.’ బెంచీ మీద ఆయన కూర్చోగానే మాటలు ఆగిపోయేవి. రేకుల ఇంట్లోంచి కదలని మనిషి ఎంతకు అమ్ముడుపోయాడో ఒక్కడూ ఆలోచించలేదు. అయినా ఆయన రోజూ పోయి అక్కడే కూర్చునేవాడు.

“వాళ్ళను తిట్టకు. జూడకుంట సంతకం పెట్టిన. తప్పు నాదే” అనేవాడు.

నేను ఒప్పుకోలేదు, ఇప్పుడూ ఒప్పుకోను. నమ్మినవాడిది తప్పెట్లా అవుతుంది? నమ్మించి తిన్నవాడు కార్లలో తిరుగుతుంటే, నమ్మినవాడు తల దించుకొని చావాలా?

అంత్యక్రియల నాడు పాస్టరు గారి ప్రార్థన అయిపోయాక ఆ నాయకుడు వచ్చాడు. అనుచరుడి చేతిలో కొత్త పార్టీ జెండా. శవపెట్టె పక్కన నిలబడి మైకు లేకుండానే మైకు ముందున్నట్టు మాట్లాడాడు. “అన్న ఆశయం నేను నెరవేరుస్తా. డిపో కార్మికులందర్ని పర్మనెంటు చేపిస్తా. ఇది నా మాట” అన్నాడు. జెండా కప్పబోయారు.

పెద్దమ్మ చెయ్యి అడ్డం పెట్టింది.

“ఆగుండ్రి సారూ. మీరు జెప్పింది మావాడు రాస్తడు. మీరు సంతకం పెట్టుండ్రి. పెట్టినంక కప్పుండ్రి.”

నేను జేబులోంచి కాగితం తీసి, పెట్టె అంచు మీదనే పెట్టి రాశాను. డిపో కార్మికులందరినీ పర్మనెంటు చేయిస్తానని, చేయించకపోతే పదవి వదులుతానని రెండు వాక్యాలు. కింద ఒక గీత గీసి పెన్ను అందించాను. నాయకుడు కాగితం చూశాడు, గడియారం చూశాడు. “అమ్మ బాధల ఉన్నది. మళ్ల మాట్లాడుదం” అని కారెక్కాడు. జెండా కూడా ఆయనతోనే పోయింది. వెనక నిలబడ్డ డిపో కార్మికులు ఒక్కొక్కరే ముందుకు వచ్చి పెట్టెకు భుజాలిచ్చారు. ‘అమ్ముడుపోయిండు’ అన్నవాళ్ళూ అందులో ఉన్నారు. ఆ భుజాలు ఆయన బతికుండగా దొరికుంటే ఎంత బాగుండేది!

ఆ కాగితం ఇప్పుడు పెద్దమ్మ దగ్గర ఉంది. తలుపు మూలన, ఇత్తడి కడ్డీకి దారంతో కట్టి, పక్కనే పెన్ను వేలాడదీసింది. ఊళ్ళో మళ్ళీ ఓట్లు వచ్చాయి. ఏ పార్టీ వాళ్ళు గడప తొక్కినా కుర్చీ వేస్తుంది, చాయ్ ఇస్తుంది, కాగితం చూపిస్తుంది. రొట్టె మాత్రం పెట్టదు. ఇప్పటికి ముగ్గురు వచ్చి పోయారు. చాయ్ అందరూ తాగారు. సంతకం గీత ఖాళీగానే ఉంది.