మా నాగదుర్గ కేసు, చంద్రరావు గారి తాంబూలం

మొగల్తూరు దిగువన, సముద్రం ఒడ్డున మా పాలెం. నేను చదివింది ఐదో తరగతే. అయినా పాలేనికి కరెంటు తెచ్చింది నేను, తుఫాను షెల్టరు కట్టించింది నేను. పడవల సొసైటీకి మూడుసార్లు ప్రెసిడెంటునయ్యాను, పోటీ లేకుండా. వీటన్నిటికన్నా గొప్పగా చెప్పుకునేది ఇంకోటుంది: మా తమ్ముడి కూతురు నాగదుర్గని లా చదివించాల్సిందేనని పట్టుబట్టింది నేనే.

చేపలగంప మోసిన తల్లి కడుపున పుట్టి, రాజమండ్రి లా కాలేజీలో లెక్చరరైంది. పాలెం చుట్టూ రొయ్యల చెరువులు తవ్వేసరికి మా మంచినీళ్ల బావి ఉప్పెక్కిపోయింది. తాగేనీళ్లు కూడా బతికే హక్కులో భాగమేనని, రాజ్యాంగాన్ని చూపించి ఇంగ్లీషులో పెద్ద వ్యాసం రాసిందా పిల్ల. లాయర్ల పత్రికలో వేశారు. నాకు ఇంగ్లీషు రాదుగాని, తన పేరెక్కడుందో అడిగి వేలు పెట్టి చూసుకున్నాను.

అంతటితో ఆగలేదు. తొంభై ఐదులో పాలెం తరఫున హైకోర్టులో కేసు వేయించి స్టే తెచ్చింది. చెరువుల మీద మోటార్లు ఆగిపోయాయి.

అప్పుడు చెరువుల యజమాని చంద్రరావు గారు రామాలయం దగ్గరికొచ్చి, మా కులపెద్ద అమ్మిరాజు ముందు తాంబూలం పళ్లెం పెట్టారు.

"రోజూ ట్యాంకరుతో నీళ్లు పంపిస్తానండి. మనలో మనకి కోర్టులెందుకండి?"

మా పాలెంలో తాంబూలం అందుకుంటే తగువు తీరినట్టే. ఆపైన ఎవరూ నోరెత్తకూడదు.

"తీసుకోకు అమ్మిరాజూ, అమ్మాయి ఇంతదూరం తెచ్చింది," అన్నాను.

"మీ అమ్మాయి తెచ్చిన కాగితం తాగమంటావా ఏంటి? అంత మనిషి వస్తే ఉత్తచేతుల్తో పంపుతామా?"

అందరూ నవ్వారు. అతను అందుకున్నాడు. రాజీ కాగితం మీద వేలిముద్రలు పడ్డాయి, కోర్టులో కేసు మూసేశారు.

ట్యాంకరు ఆ వేసవి దాటేదాకా వచ్చింది. తర్వాత రాలేదు.

నాగదుర్గ మళ్లీ వచ్చి గడపగడపా తిరిగింది. "ఇంకో కేసు వేద్దాం పిన్నీ, ఒక్క వేలిముద్ర వెయ్యి," అని పక్కింటి నూకరత్నాన్ని బతిమాలింది.

"తాంబూలం పుచ్చుకున్నాం కదే అమ్మా. మాట తప్పితే వలలో చేప పడుద్దా?"

మిగతావాళ్లు తలుపేసుకున్నారు.

"దీనికి నేను ఏ జడ్జిమెంటు చూపించను పెదనాన్నా?" అంటూ మా అరుగు మీద కూలబడింది.

నేనొక్కణ్ణే సంతకం చేశాను. ఊరంతా రాజీపడ్డాక ఒక్కడి కోసం మళ్లీ వినేది లేదని మొదటి వాయిదాలోనే కొట్టేశారు.

ఇప్పుడు రెండువేల నాలుగు. బావి అలాగే ఉంది. కాలేజీలో ఆ హక్కు గురించి నాగదుర్గ పాఠం చెబుతూనే ఉంది. ఇక్కడికి వచ్చేటప్పుడు మాత్రం రాజమండ్రి నుంచి క్యానుతో నీళ్లు తెచ్చుకుంటుంది. అవి అయిపోయేలోపే బస్సెక్కేస్తుంది.