నా రెండేళ్లను లెక్కపెట్టేదెవరు: నిజామాబాద్ నుంచి బోధన్ దాకా

మా బాపు ఎవరేం చెప్పినా నమ్ముతాడు. ఆ లోటు పూడ్చడానికే దేవుడు నన్ను పుట్టించాడని మా అమ్మ అంటుంది. పాలామె కొలిచి పోసిన పాలను మళ్లీ కొలిచేది నేనే. చర్చిలో పాస్టరుగారు ఒక వచనం చదివితే ఆ పుట తీసి సరిచూసుకునేదీ నేనే. ఇలాంటిదాన్ని నర్సు బడి వెతుక్కుంటూ పోయిన రోజు ఎలా గడిచిందో రాస్తే, అదే పని మీద బయలుదేరే ఆడపిల్లలకు కాస్తయినా పనికొస్తుందని ఇది రాస్తున్నాను.

నిజామాబాద్‌లో ఒక చిన్న ఆసుపత్రిలో రెండేళ్లు నర్సు పని నేర్చుకున్నాను. అక్కడ డాక్టరు మగవాడు. వచ్చేవాళ్లలో ఘోషా పాటించే ఇళ్ల ఆడవాళ్లు ఎక్కువ. అందుకని ఆడవాళ్ల గది వాకిలికి మందపాటి పరదా ఉండేది. డాక్టరుగారు పరదా అవతల కుర్చీ వేసుకుని కూర్చునేవారు. లోపల నేను నాడి పట్టి, నాలుక చూసి, పొట్ట నొక్కి, పరదా వైపు తిరిగి గట్టిగా చెప్పాలి. అవతలి నుంచి ఆయన మందు చెప్పేవారు. "రూతు చూసిందంటే నేను చూసినట్టే" అని ఆయన నలుగురిలో అనేవారు. ఆ మాటకు నేను ఎంత పొంగిపోయేదాన్నో చెప్పలేను. పోయిన చలికాలంలో ఆయన వేరే ఊరికి వెళ్లిపోవడంతో ఆసుపత్రి మూతపడింది. మూడేళ్లు నేర్చినట్టు తేలితేనే పట్నంలో పెద్ద పరీక్షకు కూర్చోనిస్తారు. ఆ పరీక్ష గట్టెక్కితేనే సిస్టరు ఉద్యోగం. నా రెండేళ్లను మరో బడి ఒప్పుకుంటే మిగిలేది ఒక్క ఏడు. ఒప్పుకోకపోతే మళ్లీ సీసాలు కడిగే దగ్గర మొదలుపెట్టాలి. నాకు నిద్ర పట్టనివ్వని సంగతి ఇదొక్కటే.

పొద్దున్నే సద్ది కట్టుకుని నేనూ బాపూ బయలుదేరాము. ముందు స్టేషన్ దగ్గర కొత్తగా పెట్టిన ప్రైవేటు ఆసుపత్రికి వెళ్లాము. అక్కడా నర్సు పని నేర్పుతామని బోర్డు ఉంది. మేనేజరు మమ్మల్ని కూర్చోబెట్టి చాయ్ తెప్పించాడు. చాయ్ రాగానే నాకు సగం అనుమానం వచ్చింది. కాంపౌండులో కావలి కాసే మా బాపు లాంటి మనిషికి ఊరికే చాయ్ ఎవరు పోస్తారు?

"రెండేండ్లు చేసినవా? బిల్‌కుల్ లెక్కనే. రేపే వచ్చి చేరు బిడ్డా" అన్నాడు మేనేజరు.

బాపు మొహం వెలిగిపోయింది. నాకు మాత్రం మనసొప్పలేదు. కొత్త కుండ కొనేటప్పుడు కూడా నాలుగుసార్లు వేలితో కొట్టి చూస్తాము. ఈయన నన్ను ఒక్క ప్రశ్నయినా అడగలేదు. నీళ్లు తాగే వంకతో పెరట్లోకి వెళ్లాను. ఇందల్వాయి నుంచి వచ్చిన అమ్మాయి ఒకతె బకెట్ ముందు కూర్చుని కట్టుగుడ్డలు ఉతుకుతున్నది.

"నీది ఎన్నో యేడు అక్కా?" అని అడిగాను.

"ఎన్నోదో నాకే యాదికి లేదు. పరీక్ష వచ్చే యేడు అంటరు. యేటా గదే మాట."

"మరి ఎందుకున్నవ్ ఈడ?"

"రెండు పూటల అన్నం పెడ్తరు" అని ఆమె గుడ్డ పిండి దండెం మీద వేసింది.

ఈ మాట చెబితే బాపు నొచ్చుకున్నాడు. "ఆ పిల్లకు సదువు ఎక్కలేదేమో. ఇంటికొచ్చిన లక్ష్మిని కాలదన్నుకుంటమా? నీకు అందరు దొంగల్లెక్కనే కనవడ్తరు" అన్నాడు. అయినా బోధన్ కూడా చూసి వద్దామని నేను పట్టుపట్టాను. అక్కడ చెరుకు తోటల మధ్య ఒక మిషన్ ఆసుపత్రి ఉంది. చేరతానని కబురు పెడితే వాళ్లు "ముందు మనిషిని చూడాలి" అన్నారట. చదువుకు మనిషిని చూసేదేముంది, పెళ్లిచూపులా అని నాకు ఆ మాట మీద కూడా మంటగానే ఉంది.

బోధన్ బస్సు బజారు దగ్గర నిలబడుతుంది. టికెట్టు కొన్ని అణాలే కానీ నిండితే తప్ప కదలదు. "ఎప్పటికి చేరుతం అన్నా?" అని డ్రైవర్‌ను అడిగాను.

"చెరుకు బండ్లు పక్కకు జరిగితే పన్నెండుకు. జరగకుంటే గా ఎడ్లనడుగు" అన్నాడు.

ఆయన ఎకసెక్కం చేస్తున్నాడనుకున్నాను కానీ నిజమే చెప్పాడు. ఎడపల్లి దాటగానే దారి పొడుగునా బండ్లే. నిజాంసాగర్ కాలువ వచ్చాక ఈ వైపు పొలాలన్నీ చెరుకే అయ్యాయి. కోత రోజుల్లో బోధన్ చక్కెర ఫ్యాక్టరీకి పోయే బండ్ల వెనక బస్సు కూడా బండిలాగే నడుస్తుంది. బస్సులో మరాఠీ మాట్లాడే ముసలామె ఒకతె కిటికీలోంచి చేయి చాచి పక్క బండిలోని చెరుకు గడ ఒకటి లాగి, సగం విరిచి నాకిచ్చింది. బండివాడు చూస్తాడేమోనని నేను దాన్ని కొంగు కింద దాచుకున్నాను. ఆమె మాత్రం నిశ్చింతగా నమిలింది. ఊరు ఇంకా దూరముండగానే ఫ్యాక్టరీలో చక్కెర తీశాక మిగిలే మడ్డి వాసన ముక్కుకు తగులుతుంది, దానికి సిద్ధపడి వెళ్లండి.

బోధన్‌లో దిగి సద్ది తిన్నాక ఒక పాక హోటల్లో చాయ్ తాగాము. ఒక గుక్క తాగి గ్లాసు దించాను. అది బెల్లం చాయ్.

"చక్కెర ఊర్లె బెల్లం చాయ్ పోస్తున్నవేందవ్వా?" అని హోటలామెను నిలదీశాను.

"చక్కెర బస్తాలల్ల పట్నం పోతది బిడ్డా. మాకు వాసన మిగుల్తది" అన్నది ఆమె నవ్వుతూ. చాయ్ మాత్రం బాగుంది. ఆ సంగతి ఆమెకు చెప్పలేదు.

అక్కడి నుంచి కాలువ గట్టు వెంట నడిస్తే మిషన్ ఆసుపత్రి వస్తుంది. పెద్ద సిస్టరమ్మది గుంటూరు వైపు. ఆమె చాయ్ పోయలేదు, కూర్చోమని కూడా అనలేదు. నా మాటలన్నీ విని, "సరేనమ్మా, లోపలికి రా. మూడో మంచం మీద ఉన్నామెను చూసి నాకు చెప్పు" అని తలుపు దగ్గర నిలబడింది. బాపు వసారాలో ఆగిపోయాడు.

మంచం మీద సాయవ్వ అనే చెరుకు కోసే ఆమె ఉంది. వయసులో నాకంటే కొంచెం పెద్దది. కోత కత్తి తగిలి పిక్క తెగి నాలుగు రోజులు పసుపు అద్దుకుని ఊరుకున్నదట. నేను నాడి పట్టాను, నాలుక చూశాను, గుడ్డ తీసి కాలు చూశాను. ఒక్కటి కూడా వదలలేదు. తర్వాత రెండేళ్లుగా చేస్తున్నట్టే మంచం వదిలి తలుపు వైపు తిరిగి, చేతులు కట్టుకుని, గట్టిగా చెప్పాను.

"నాడి సన్నగ, జల్ది కొట్టుకుంటున్నది. నాలుక ఎండింది. ఎర్రగీత మోకాలు దాటింది. పుండు నల్లవడ్డది. కాలు దక్కేటట్టు లేదు."

చెప్పిందాంట్లో తప్పేమీ లేదు. నేను ఇంకా సిస్టరమ్మ మొహంలో మెప్పు కోసం చూస్తున్నాను. నా వెనక మంచం కిర్రుమన్నది.

"అక్కా, నా కాలు తీసేస్తరా?" అని సాయవ్వ అడిగింది.

పరదా ఉన్న గదిలో కూడా మంచాల మీద మనుషులే ఉండేవారు కదా, వాళ్లంతా నా మాటలు విన్నారు కదా అని అప్పటిదాకా నాకు తట్టనే లేదు. వాళ్లు ఘోషా మర్యాదకు నోరు మెదపలేదు. సిస్టరమ్మ నన్ను దాటుకుని వెళ్లి మంచం మీద కూర్చుని సాయవ్వ చేయి పట్టుకుంది. ఏదో మెల్లగా చెప్పింది, నాకు వినబడలేదు. వినబడకూడదనే అలా చెప్పింది.

వసారాలోకి వచ్చాక, "ఒక ఏడు లెక్కలోకి తీసుకుంటాను. రెండోది నా దగ్గర మళ్లీ చెయ్యాలి" అన్నది.

"నేను సెప్పినదాంట్ల తప్పేమున్నదమ్మా? ఊకెనే ఒక యేడు పని చేయించుకుందమని చూస్తున్నరా?" అన్నాను.

"తప్పేం లేదు. నీ కళ్లు రెండేళ్లు చదువుకున్నాయి, అది ఎవరూ తీసుకోలేరు. కానీ రోగి పక్కన నిలబడటం నీకు ఇంకా రాలేదమ్మా. నిన్ను ఇలాగే పెద్ద పరీక్షకు పంపితే నువ్వు గట్టెక్కుతావు. తర్వాత సాయవ్వలాంటి వాళ్లు ఎంతమంది నీ చేతికి వస్తారో ఆలోచించుకో."

బాపు గొంతు తగ్గించి, "స్టేషన్ కాడ రెండేండ్లు ఇస్తమన్నరు కద బిడ్డా" అన్నాడు. నేను లోపలికి వెళ్లాను. సాయవ్వ పక్కన కూర్చున్నాను. ఏం చెప్పాలో తెలియక కొంగు కింద మిగిలిన చెరుకు ముక్క ఆమె చేతిలో పెట్టాను. ఆమె దాన్ని తినలేదు, పట్టుకుని పడుకుంది. సాయంత్రం బస్సుకు బాపు ఒక్కడే వెళ్లాడు.

ఆ బడిలో చేరిన కొత్తలో, పోయిన ఆ ఏడు తలచుకుని చాలాసార్లు ఏడ్చాను. ఆ నష్టం నష్టమే, దాన్ని లాభమని చెప్పలేను. నన్ను పొగిడిన డాక్టరుగారి మీద మాత్రం నాకు ఒక్కనాడూ అనుమానం రాలేదు. మెచ్చుకోలును కుండలా కొట్టి చూడాలని ఎవరికి తోస్తుంది?

నర్సు బడి చూడబోయే చెల్లెళ్లకు నేను చెప్పేది ఒకటే. పాత ఏళ్లు ఎన్ని లెక్కిస్తారని ముందే అడగకండి. ఒక రోగి దగ్గరికి పంపి చూడమనండి. మిమ్మల్ని చూడకుండానే అన్నీ ఒప్పుకునే చోట చాయ్ తాగి లేచి రండి.

సాయవ్వ కాలు దక్కలేదు, మనిషి దక్కింది. చంకలో కర్ర పెట్టుకుని ఇంటికి పోయే రోజు నేను ఆమెను కాలువ గట్టు దాకా సాగనంపాను. బండి ఎక్కబోతూ ఆగింది.

"గా పొద్దు నువ్వు సెప్పింది నిజమే అక్కా" అన్నది. "గని నాకు సెప్పలే. తలుపుకు సెప్పినవ్."